పంటి ఇంప్లాంట్‌కు ‘పూత’ అంటే ఏంటి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

పన్ను పోయిన చోట దవడ ఎముకలో చిన్న టైటానియం స్క్రూ బిగించి, అది ఎముకకు అతుక్కున్నాక దానిపై కొత్త పన్ను కట్టడాన్ని డెంటల్ ఇంప్లాంట్ అంటారు. ఒకప్పుడు దీనికోసం హైదరాబాద్‌కో విజయవాడకో పోవాల్సిందే అనుకునేవాళ్లు. ఇప్పుడు చిన్న పట్టణాల క్లినిక్ బోర్డుల మీద కూడా ఈ మాట కనిపిస్తోంది. దాంతోపాటే కొత్త మాటలూ వచ్చాయి: ‘కోటెడ్ ఇంప్లాంట్’, ‘నానో సర్ఫేస్’, ‘యాక్టివ్ సర్ఫేస్’, ‘ఎస్‌ఎల్‌ఏ’. ఒకే పన్నుకు రెండు మూడు రకాల రేట్లు చెప్పి, తేడా అంతా పూతలోనే ఉందంటారు. అమ్మీకో అబ్బాకో పళ్లు పెట్టిద్దామని వెళ్లిన పిల్లలకు ఆ మాటల్లో ఏది ఎంత నిజమో తెలీదు. ఎక్కువ రేటు అంటే ఎక్కువ మంచిదేమో అని ఒప్పుకోవడం, లేదా అన్నీ ఒకటేలే అని చవకది తీసుకోవడం జరుగుతుంటుంది. ఈ వ్యాసం ఆ మాటల అర్థం చెప్పడానికే.

ముందు క్లుప్తంగా

• ఇప్పుడు మార్కెట్లో దొరికే చాలా ఇంప్లాంట్లకు నిజానికి వేరే పదార్థంతో పూత ఉండదు. టైటానియం పైభాగాన్నే గరుకుగా చేస్తారు.

• ఆ గరుకుతనం చేసే మేలు మొదటి కొన్ని వారాల్లో. ఎముక త్వరగా, గట్టిగా పట్టుకోవడానికి అది సాయం చేస్తుంది.

• ఎముక పట్టుకున్నాక ఇంప్లాంట్ ఎన్నేళ్లు ఉంటుందనేది ఎక్కువగా చిగుళ్ల శుభ్రత, షుగర్ అదుపు, పొగాకు మానడం, క్రమంగా చెకప్‌కు వెళ్లడం మీద ఆధారపడుతుంది.

• ఏ పూత అయినా సరే, దాని పేరు, కంపెనీ, లాట్ నంబర్ రాసిన కాగితం మీ దగ్గర ఉండాలి.

టైటానియమే ఎందుకు?

శరీరంలోకి పరాయి వస్తువు వెళ్తే శరీరం దాని చుట్టూ మెత్తటి పొర కట్టి వేరు చేస్తుంది. ముల్లు గుచ్చుకున్న చోట గమనించే ఉంటారు. చాలా లోహాలకు ఇదే గతి. టైటానియం దగ్గర మాత్రం ఎముక అలా చేయదు, నేరుగా దాన్ని ఆనుకుని పెరుగుతుంది. స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు 1950లలో కుందేళ్ల ఎముకల్లో రక్త ప్రసరణ చూడటానికి టైటానియం పరికరాలు పెట్టాడు. పని అయ్యాక తీయబోతే అవి ఎముక నుంచి ఊడి రాలేదు. ఆ గమనింపు నుంచే ఇంప్లాంట్ పుట్టింది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఆయన టైటానియం ఇంప్లాంట్లు పెట్టాడు. ఎముకకు, లోహానికి మధ్య ఈ నేరు అతుకును ‘ఆసియో ఇంటిగ్రేషన్’ అంటారు. మీ డాక్టర్ గారు ‘ఇంటిగ్రేట్ అయింది’ అంటే ఇదే.

దీనికి కారణం టైటానియం మీద గాలి తగలగానే దానంతట అదే ఏర్పడే ఆక్సైడ్ పొర. మందం కొన్ని నానోమీటర్లే. అయినా అది లోహం తుప్పు పట్టకుండా కాపాడుతుంది, రక్తంతో, ఎముక కణాలతో గొడవ పడదు. గీత పడినా మళ్లీ క్షణాల్లో ఏర్పడుతుంది. అంటే టైటానియానికి మొదటి పూత పుట్టుకతోనే ఉంది. కంపెనీలు చేసేదంతా దాని మీద అదనపు పని.

పూత వేరు, గరుకు చేయడం వేరు

బ్రోనెమార్క్ కాలం నాటి ఇంప్లాంట్లు లేత్ మీద తిప్పి తీసినవి, నున్నగా ఉండేవి. అవి అతుక్కునేవి, కానీ ఆలస్యంగా. కింది దవడకు మూడు నాలుగు నెలలు, పై దవడకు ఆరు నెలల దాకా ఆగి, ఆ తర్వాతే పన్ను కట్టేవాళ్లు. పై దవడ వెనక భాగంలో ఎముక స్పాంజిలా మెత్తగా ఉంటుంది కాబట్టి అక్కడ ఫెయిల్యూర్లు కూడా ఎక్కువగా ఉండేవి. ఈ రెండు సమస్యలు తగ్గించడానికే సర్ఫేస్ మీద పరిశోధన మొదలైంది.

మేస్త్రీ పాత నున్నటి కాంక్రీటు మీద ప్లాస్టరింగ్ చేసే ముందు దాన్ని సుత్తితో కొట్టి గాట్లు పెడతాడు. నున్నటి గోడ మీద సిమెంటు నిలవదు, గాట్లలోకి దూరితే పట్టు దొరుకుతుంది. ఇంప్లాంట్‌ను గరుకు చేయడం ఇలాంటిదే. కాకపోతే గాట్లు కంటికి కనపడవు. చాలా ఇంప్లాంట్లలో ఎత్తుపల్లాల సగటు ఒకటి రెండు మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, అది గుర్తు పెట్టుకుంటే కొలత అర్థమవుతుంది. అంతకంటే నున్నగా ఉంటే ఎముక నెమ్మదిగా పడుతుంది. మరీ గరుకైతే, ఎప్పుడైనా చిగురు కిందికి దిగి ఆ భాగం నోట్లో బయటపడ్డప్పుడు సూక్ష్మజీవులు దూరి శుభ్రం చేయడం కష్టమవుతుంది. అందుకే మధ్యస్తంగా గరుకైన సర్ఫేస్‌కే ఎక్కువ కంపెనీలు వచ్చి ఆగాయి.

అసలైన పూత అంటే టైటానియం మీద ఇంకో పదార్థపు పొర వేయడం. రెండు పద్ధతులకూ బజారులో ‘కోటింగ్’ అనే ఒక్క మాటే వాడుతున్నారు. గందరగోళం అక్కడి నుంచే వస్తోంది.

ఏయే రకాలు ఉన్నాయి?

*టైటానియం ప్లాస్మా స్ప్రే.* టైటానియం పొడిని వేల డిగ్రీల వేడి ప్లాస్మాలో కరిగించి స్క్రూ మీద చిమ్ముతారు. చాలా గరుకైన పొర వస్తుంది. 1970ల నుంచి వాడారు. బయటపడితే శుభ్రం కాకపోవడం, రేణువులు రాలే అవకాశం ఉండడంతో దంత ఇంప్లాంట్లలో ఇప్పుడు దాదాపు పక్కకు పోయింది.

*హైడ్రాక్సీ అపటైట్.* మన ఎముకలో, పంటి ఎనామెల్‌లో ఉండే ఖనిజం ఇదే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసినది. దీన్ని స్క్రూ మీద పూస్తే ఎముక ‘నా వస్తువే’ అనుకున్నట్టు త్వరగా దగ్గరవుతుంది. 1980, 90లలో దీనికి బాగా పేరు వచ్చింది. తర్వాత సమస్యలు బయటపడ్డాయి. మందంగా వేసిన పొర కొన్ని ఇంప్లాంట్లలో లోహం నుంచి పెచ్చులుగా ఊడింది, కొన్నింటిలో మెల్లగా కరిగింది. పొర ఊడితే అతుకు కూడా పోయినట్టే. అందుకే ఇప్పుడు దీన్ని వాడేవాళ్లు చాలా పలచగా, మెరుగైన పద్ధతుల్లో వేస్తున్నారు. మోకాలు, తుంటి కీళ్ల ఇంప్లాంట్లలో హైడ్రాక్సీ అపటైట్ పూత ఇప్పటికీ మామూలే.

*ఎస్‌ఎల్‌ఏ.* ఇది పూత కాదు. పావు నుంచి అర మిల్లీమీటరు సైజున్న గట్టి అల్యూమినియం ఆక్సైడ్ రేణువులతో ముందు స్క్రూను కొడతారు, ఆ తర్వాత హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ముంచుతారు. పెద్ద గుంటలు, వాటి లోపల చిన్న గుంటలు ఏర్పడతాయి. స్విట్జర్లాండ్ కంపెనీ స్ట్రామన్ దీన్ని 1990ల చివర్లో తెచ్చింది. మంచి ఎముక ఉన్నచోట 12 వారాలు ఆగే బదులు 6 వారాలకే పన్ను కట్టొచ్చని అధ్యయనాలు చూపించాయి. ఇప్పుడు చాలా దేశాల కంపెనీలు ఇదే తరహా సర్ఫేస్‌ను రకరకాల పేర్లతో అమ్ముతున్నాయి. మీరు క్లినిక్‌లో చూసే ఇంప్లాంట్ ఈ తరహాదే అయ్యే అవకాశం ఎక్కువ.

*నీటిని ఆకర్షించే సర్ఫేస్.* టైటానియం గాలిలో నిల్వ ఉన్నకొద్దీ గాలిలోని కార్బన్ పదార్థాలు దాని మీద చేరి, నీటిని, రక్తాన్ని తొందరగా పీల్చుకోని స్థితికి వస్తుంది. దీనికి మందుగా ఎస్‌ఎల్‌ఏ ఇంప్లాంట్‌ను గాలి తగలకుండా ఉప్పు నీటి ద్రావణంలో ప్యాక్ చేసే పద్ధతి 2005లో వచ్చింది. పేరు ఎస్‌ఎల్‌యాక్టివ్. రక్తం వెంటనే అంటుకోవడంతో మొదటి నెలలో పట్టు త్వరగా వస్తుంది. కొందరు ఇదే ఫలితం కోసం పెట్టే ముందు అతినీల కిరణాల కింద ఉంచుతారు.

*ఆనోడైజింగ్.* స్క్రూను ద్రావణంలో ఉంచి కరెంటు పంపితే దాని సొంత ఆక్సైడ్ పొరే మందంగా, సన్నటి రంధ్రాలతో పెరుగుతుంది. నోబెల్ బయోకేర్ 2000లో తెచ్చిన టై యునైట్ ఈ రకానిది. బయటి పదార్థం వేయడం కాదు కాబట్టి ఇది పెచ్చులూడే పూతల కంటే గట్టిగా అంటి ఉంటుంది.

*ఫ్లోరైడ్ కలిపిన సర్ఫేస్.* 2004లో ఆస్ట్రా టెక్ ఆసియో స్పీడ్ పేరుతో తెచ్చింది. గరుకు చేసిన స్క్రూను పలచటి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌తో శుద్ధి చేస్తే ఫ్లోరైడ్ లేశమాత్రంగా మిగులుతుంది, ఎముక కణాలను ప్రేరేపిస్తుంది. నల్లగొండ నీళ్ల కథ తెలిసిన మనకు ఇది వింతగా అనిపిస్తుంది. దాని సంగతి కింద చూద్దాం.

*వెండి, యాంటీబయాటిక్, రకరకాల ప్రోటీన్ పూతలు.* క్రిములను చంపుతాయనీ, ఎముకను త్వరగా పెంచుతాయనీ వీటి మీద ప్రపంచమంతా పరిశోధన జరుగుతోంది. మామూలు క్లినిక్‌లో రోజువారీ వాడకానికి ఇవి ఇంకా పెద్దగా రాలేదు. ఎవరైనా ‘ఇన్ఫెక్షన్ రాని పూత’ అని అమ్మితే కంపెనీ పేరు, బ్రోచర్ అడిగి చదవండి.

పూత పని ఎన్ని రోజులు?

స్క్రూ బిగించిన రోజు దాని పట్టు చెక్కలో మర బిగించినట్టు ఉంటుంది. అది ఉట్టి యాంత్రికమైన పట్టు. ఆ తర్వాత శరీరం గాయపడిన పాత ఎముకను మెల్లగా తీసేసి కొత్త ఎముక వేయడం మొదలుపెడుతుంది. పాతది పోతూ కొత్తది ఇంకా పూర్తికాని సమయం ఒకటి ఉంటుంది. అది సుమారు రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య. అప్పుడు పట్టు మొదటి రోజు కంటే తక్కువ. నొప్పి, వాపు అప్పటికే పోయి ఉంటాయి కాబట్టి ‘బాగైపోయింది’ అనుకుని చాలామంది ఆ వైపు నమలడం మొదలుపెడతారు. మటన్ బొక్క కొరికినా, గట్టి చక్కీలు నమిలినా స్క్రూ అతి స్వల్పంగా కదలొచ్చు. ఆ కదలికతో ఎముక బదులు మెత్తటి పొర ఏర్పడుతుంది. అలా ఏర్పడితే ఎంత ఖరీదైన సర్ఫేస్ అయినా ఇంప్లాంట్ వదులవుతుంది.

మంచి సర్ఫేస్ చేసేది ఈ బలహీన సమయాన్ని చిన్నది చేయడం. ఎముక మెత్తగా ఉన్న పై దవడలో, షుగర్ ఉన్నవాళ్లలో, పన్ను త్వరగా కట్టాల్సి వచ్చినప్పుడు ఈ తేడా పనికొస్తుంది. కింది దవడ ముందు భాగంలో, గట్టి ఎముకలో, మూడు నెలలు ఆగే ఓపిక ఉన్నవాళ్లకు తేడా చాలా తక్కువ. పేరున్న కంపెనీల ఇంప్లాంట్లు పదేళ్ల తర్వాత సుమారు 95 శాతం నోట్లో నిలిచే ఉంటాయని దీర్ఘకాల అధ్యయనాలు చెప్తున్నాయి. అందులో వేర్వేరు సర్ఫేస్‌లు ఉన్నాయి.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లకు

మన ఇళ్లల్లో సౌదీ, దుబాయ్, ఖతర్‌లో పనిచేసే వాళ్లు చాలామంది. నెలా రెండు నెలల సెలవు మీద వచ్చి, పెళ్లిళ్లు, చుట్టాలు, ఇంటి పనుల మధ్య పళ్ల పని కూడా ముగించుకుని పోవాలనుకుంటారు. ఇంప్లాంట్ మొత్తం ఈ గడువులో ఇరికించాలని డాక్టర్‌ను తొందర పెడతారు. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది.

మంచి ఎముక, మంచి పట్టు, త్వరగా అతికే సర్ఫేస్ మూడూ కలిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పన్ను కట్టడం సాధ్యమే. కానీ పన్ను పీకిన చోట గాయం మానకముందే పెట్టాల్సి వస్తే, ఎముక పొడి వేయాల్సి వస్తే, పై దవడ వెనక భాగమైతే ఆ లెక్క పనిచేయదు. అప్పుడు మంచి పద్ధతి రెండు సెలవులుగా విడగొట్టడం. ఈసారి స్క్రూ పెట్టించి, చిగురు మూసి వెళ్లండి. వచ్చే సెలవులో పన్ను కట్టించండి. మధ్యలో ఏడాది గడిచినా అతుకుకు నష్టం లేదు. తొందరపడి పన్ను కట్టించుకుని విమానం ఎక్కితే, అక్కడ వదులైనప్పుడు చూసే డాక్టర్‌కు అది ఏ కంపెనీదో కూడా తెలీదు.

అక్కడ పెట్టించుకుని ఇక్కడ పన్ను కట్టించుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ప్రతి కంపెనీ స్క్రూకు దాని సొంత పానా, దాని సొంత భాగాలు ఉంటాయి. పేరు, సైజు తెలియకపోతే చిన్న స్క్రూ బిగించడం కూడా పెద్ద పని అవుతుంది. ప్యాకెట్ మీది స్టిక్కర్‌ను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.

మన నీళ్లు, ఫ్లోరైడ్, టైటానియం

2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయే దాకా సూర్యాపేట, కోదాడ కూడా నల్లగొండ జిల్లాలోనే ఉన్నాయి. మిర్యాలగూడ ఇప్పటికీ నల్లగొండ జిల్లాలోనే ఉంది. ఫ్లోరోసిస్ అనగానే దేశమంతా నల్లగొండ పేరే చెప్తుంది. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే విధానానికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరు కూడా ‘నల్లగొండ టెక్నిక్’. మిర్యాలగూడ, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు ఉన్నా, బోరు నీళ్లు తాగి పెరిగిన తరం అన్ని మండలాల్లోనూ ఉంది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక పిల్లల తరానికి పరిస్థితి మారుతోంది. నడి వయసువాళ్ల పళ్ల మీద పసుపు, గోధుమ మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. వాళ్లకు వచ్చే మూడు సందేహాలివి.

మొదటిది: ఫ్లోరైడ్ నీళ్లు ఇంప్లాంట్ పూతను తినేస్తాయా? ఫ్లోరైడ్ టైటానియం ఆక్సైడ్ పొరను దెబ్బతీయగలదన్నది నిజం. అది ఎక్కువ మోతాదులో, ఆసిడ్ తోడైనప్పుడు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌కు భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. మామూలు టూత్‌పేస్ట్‌లో అంతకు వందల రెట్లు, సుమారు 1000 పీపీఎం ఉంటుంది. ఆసిడ్ గుణం లేని ఆ పేస్ట్‌తోనే ఇంప్లాంట్లకు ఇబ్బంది లేనప్పుడు నీళ్లతో భయం లేదు. జాగ్రత్త పడాల్సింది క్లినిక్‌లో పుచ్చు రాకుండా పూసే ఆసిడ్ రకం ఫ్లోరైడ్ జెల్ దగ్గర. అది పూసే ముందు ‘నాకు ఇంప్లాంట్ ఉంది’ అని చెప్పండి. దానికి బదులు న్యూట్రల్ జెల్ ఉంటుంది.

రెండోది: నీళ్ల ఫ్లోరైడ్ ఎముకను పాడు చేస్తే, ఆసియో స్పీడ్ లాంటి సర్ఫేస్‌లో ఫ్లోరైడ్ ఎలా మేలు చేస్తుంది? మోతాదే తేడా. ఏళ్ల తరబడి రోజూ లీటర్ల కొద్దీ తాగితే ఒళ్లంతా ఎముకల్లో పేరుకుంటుంది. స్క్రూ మీద ఉండేది లేశం, అదీ ఒక్క చోట. అయితే ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల ఎముక మామూలు కంటే చిక్కగా, పెళుసుగా ఉండొచ్చు. చిక్కటి ఎముకలో డ్రిల్లింగ్ చేసేటప్పుడు వేడి ఎక్కువ పుడుతుంది, వేడికి ఎముక చచ్చిపోతే ఏ సర్ఫేస్ కూడా అతుక్కోదు. మెడ, నడుము బిగుసుకుపోవడం లాంటి లక్షణాలు ఉంటే, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారో కూడా డాక్టర్‌కు చెప్పండి. స్కాన్ తీసి, నెమ్మదిగా, చల్లటి సెలైన్ పోస్తూ చేస్తారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మచ్చలున్న పళ్లు పీకించి ఇంప్లాంట్లు పెట్టించుకోవచ్చా? వద్దు. మచ్చ ఎనామెల్ మీద ఉంటుంది, పంటి వేరు గట్టిగానే ఉంటుంది. పెళ్లి సంబంధాల కోసం అమ్మాయిల ముందు పళ్లు పీకించే ఆలోచన ఎవరైనా చేస్తే ఆపండి. పైపొర సన్నగా రుద్దడం, బ్లీచింగ్, వెనీర్ లాంటి మార్గాలున్నాయి. అల్లాహ్ ఇచ్చిన గట్టి వేరుకు ఏ పూతా సాటి రాదు. పైగా దవడ ఎదుగుదల పూర్తికాని వయసులో, అంటే 18 ఏళ్ల లోపు, ఇంప్లాంట్ అసలే పెట్టరు.

బంగారు రంగు, ఎముక పొడి: హలాల్ సందేహాలు

కొన్ని ఇంప్లాంట్ల పై భాగం, పన్ను కింద ఉండే అబట్‌మెంట్ బంగారు రంగులో మెరుస్తాయి. మగవాళ్లకు బంగారం గురించి సందేహం రావడం సహజం. ఆ రంగు చాలావరకు టైటానియం నైట్రైడ్ అనే గట్టి పూతది. టైటానియం, నైట్రోజన్ కలిసినది, అందులో బంగారం ఉండదు. చిగురు పలచగా ఉన్నచోట బూడిద రంగు బయటికి కనపడకుండా, గీతలు పడకుండా వేస్తారు. గులాబీ, నీలం రంగులు కనిపిస్తే అవి ఆక్సైడ్ పొర మందంలో తేడా వల్ల వచ్చేవి, రంగు వేసినవి కాదు. బంగారం కలిసిన లోహంతో చేసిన క్యాప్‌లు, స్క్రూలు వేరే ఉంటాయి. కాబట్టి ఊహించుకోకుండా అడగండి.

హైడ్రాక్సీ అపటైట్ పూత మామూలుగా రసాయనికంగా తయారు చేసినది. అసలు అడగాల్సిన ప్రశ్న పూత గురించి కాదు, దాంతోపాటు వాడే ఎముక పొడి, దాని మీద కప్పే పొర గురించి. దవడ ఎముక తక్కువగా ఉంటే స్క్రూ చుట్టూ గ్రాఫ్ట్ వేస్తారు. అది మీ సొంత ఎముక కావొచ్చు, కృత్రిమం కావొచ్చు, జంతువుది కావొచ్చు. ప్రపంచమంతా ఎక్కువగా వాడే బయో ఆస్ ఆవు ఎముక నుంచి చేసినది. దాని మీద కప్పే బయో గైడ్ కొలాజెన్ పొర పంది నుంచి వచ్చినది. ఈ సంగతి అడగకపోతే చాలాసార్లు ఎవరూ చెప్పరు. దాచాలని కాదు, వాళ్లకు ఇది రోజూ వాడే మామూలు వస్తువు కాబట్టి. ఆవు నుంచి తీసిన కొలాజెన్ పొరలు, పూర్తిగా కృత్రిమమైన పొడులు, పొరలు కూడా దొరుకుతాయి. ఆపరేషన్ రోజు కాకుండా ముందే అడిగితే డాక్టర్‌కు తెప్పించే వీలుంటుంది. ధార్మికంగా ఏది సరే, ఏది కాదు అన్నది మీరు నమ్మే ఆలిమ్ గారిని అడగండి. వాడే వస్తువు పేరు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తే వాళ్లు జవాబు చెప్పడం సులువు.

రంజాన్ విషయం: తొందర లేని పని కాబట్టి రోజాల ముందో తర్వాతో పెట్టుకోవడం మంచిది. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు మందులు వేళకు వేసుకోవాలి, నీళ్లు బాగా తాగాలి.

పూత కాపాడలేనివి

*చిగుళ్ల జబ్బు.* ఇంప్లాంట్‌కు పుచ్చు రాదు. కానీ దాని చుట్టూ పాచి పేరుకుంటే చిగురు వాచి, ఎముక కరిగిపోతుంది. దీన్ని పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. ముందుగా కనిపించేది బ్రష్ చేసేటప్పుడు రక్తం. ఇంతకుముందు చిగుళ్ల జబ్బుతోనే పళ్లు కదిలి పోయినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. వాళ్లు ముందు చిగుళ్లకు వైద్యం చేయించుకుని, తర్వాతే ఇంప్లాంట్‌కు రావాలి.

*షుగర్.* అదుపులో ఉంటే ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. 8 దాటితే చాలామంది డాక్టర్లు ముందు షుగర్ తగ్గించుకుని రమ్మంటారు. ఆ మాట విని వాయిదా వేయడం నష్టం కాదు.

*సిగరెట్, గుట్కా, జర్దా పాన్.* పొగాకు చిగురుకు, ఎముకకు రక్తం సరిగా అందనీయదు. మానకుండా ఖరీదైన సర్ఫేస్ కొనడం, చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

*ఎముకల మందులు.* కాన్సర్‌కో, ఎముకలు గుల్లబారినందుకో ఇచ్చే జోలెడ్రోనిక్ ఆసిడ్, అలెండ్రోనేట్ లాంటి మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. దాదీ, నానీల వయసు వాళ్ల మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

మిస్వాక్ వాడేవాళ్లు మానాల్సిన పని లేదు. మెత్తగా నమిలి నెమ్మదిగా వాడండి. కానీ పన్ను కింద, రెండు పళ్ల మధ్య సందుల్లోకి అది వెళ్లదు. అక్కడికి సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ కావాలి. పాచి తీసే మామూలు ఇనుప పరికరాలు సర్ఫేస్‌ను గీకేస్తాయి కాబట్టి, క్లీనింగ్‌కు వెళ్లినప్పుడు ఇంప్లాంట్ ఏదో ముందే చూపించండి. ఎమ్‌ఆర్‌ఐ స్కాన్‌కు టైటానియం అడ్డం కాదు, స్కాన్ చేసేవాళ్లకు ఒక మాట చెప్తే చాలు.

దగ్గర్లో ఏముంది?

ఇంకో అభిప్రాయం కావాలనుకునేవాళ్లకు నల్లగొండ జిల్లాలోనే నార్కట్‌పల్లి దగ్గర కామినేని డెంటల్ కాలేజీ ఉంది. సూర్యాపేట, కోదాడ వాళ్లకు హైవే మీద, మిర్యాలగూడ వాళ్లకు అద్దంకి రోడ్డు మీద దారిలోనే వస్తుంది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. టైటానియం, పూతల విద్య కూడా మనకు దూరంది కాదు. కంచన్‌బాగ్‌లోని మిధాని 1973 నుంచి ఉన్న ప్రభుత్వ సంస్థ, టైటానియం మిశ్రమ లోహాలు చేస్తుంది. బాలాపూర్ దగ్గరి ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ ప్లాస్మా స్ప్రే, మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ లాంటి పూత పద్ధతుల మీద పనిచేస్తోంది. సైన్స్ చదివే పిల్లలు ఈ రెండు పేర్లూ గుర్తు పెట్టుకోవాలి.

డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు

1. ఇంప్లాంట్ కంపెనీ ఏది, మోడల్ ఏది? సర్ఫేస్ పేరేంటి? పూతా, గరుకు చేసినదా?

2. నా ఎముకకు ఈ ఖరీదైన సర్ఫేస్ వల్ల ఎన్ని వారాలు కలిసొస్తాయి?

3. గ్రాఫ్ట్ వేస్తారా? వేస్తే అది, దాని మీది పొర ఎక్కడి నుంచి వచ్చినవి?

4. సీల్ ఉన్న ప్యాకెట్ నా ముందే తెరుస్తారా? స్టిక్కర్ ఇస్తారా? దాని మీద లాట్ నంబర్, గడువు తేదీ, తయారీ లేదా దిగుమతి లైసెన్స్ నంబర్ ఉండాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి.

5. చెప్పిన రేటులో స్క్రూ ఒక్కటేనా, అబట్‌మెంట్, క్యాప్, గ్రాఫ్ట్ కూడా ఉన్నాయా? అతుక్కోకపోతే ఏం చేస్తారు?

6. పెట్టేది బయటి ఊరి నుంచి వచ్చే డాక్టర్ అయితే, ఏడాది తర్వాత చూసేది ఎవరు?

ఆరో ప్రశ్నను చాలామంది అడగరు. చిన్న ఊళ్లలో స్పెషలిస్టు వారానికో నెలకో ఒకసారి వచ్చి పెట్టి వెళ్లడం మామూలే, అందులో తప్పు లేదు. కానీ ఇంప్లాంట్‌కు కనీసం ఏడాదికోసారి, చిగుళ్ల జబ్బు చరిత్ర ఉంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి చెకప్ కావాలి. నానో పూత ఉన్నా ఎవరూ చూడని ఇంప్లాంట్ కంటే, మామూలు సర్ఫేస్‌తో మీ ఊరి డాక్టర్ క్రమంగా చూసే ఇంప్లాంట్ మేలు. డబ్బులు ఎక్కడ పెట్టాలో తేల్చుకునేటప్పుడు ముందు ఎముక స్కాన్‌కు, చిగుళ్ల వైద్యానికి, తర్వాతి చెకప్‌లకు పక్కన పెట్టండి. మిగిలినదాంట్లో మంచి పేరున్న, కాగితం ఇచ్చే కంపెనీ ఇంప్లాంట్ ఎంచుకోండి. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు భద్రంగా ఉంచండి.